మేడం గారి రొయ్యల డిప్

2004 మార్చిలో నన్ను టేకులపల్లి దగ్గర అడవి అంచున ఉన్న ఒక ప్రాజెక్టు గెస్ట్ హౌస్‌కు మేనేజరుగా వేశారు. పేరు పెద్దదే గానీ, గదుల తాళాలు, దుప్పట్లు, వంటగది, వచ్చిన పెద్దల అలకలు, అన్నీ చూసుకునే పని అది. కాగితం మీద అంతా సరిగ్గా ఉంటే పని సరిగ్గా జరిగినట్టేనని అప్పట్లో నా నమ్మకం.

రెండో నెలలోనే చీఫ్ ఇంజనీరు గారు భార్యతో తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. సాయంత్రం వరండాలో సరదాగా కూర్చుంటారట, భోజనానికి ముందు కారంకారంగా, వేడివేడిగా రొయ్యల డిప్ కావాలట. డిప్ అంటే అప్పడం ముక్కో, చిప్సో ముంచుకు తినే చిక్కటి పదార్థం. వారి పి.ఏ. ఫోన్‌లో తయారీ అంతా చెప్పి చివర్లో ఇంకో మాట అన్నాడు: మేడం గారికి పల్లీలు పడవు, కొంచెం తిన్నా గొంతు వాచి ఊపిరాడదు. నేను మెనూ మొత్తం వెతికి పల్లీ అన్నది లేకుండా చేశాను. నూనె కూడా పొద్దుతిరుగుడుదే తెప్పించాను. ఇక ఆ సంగతి వంటగదిలో చెప్పాల్సిన పనేముంది అనుకున్నాను.

రొయ్యలు మధిర స్టేషన్ నుంచి ఐసు పెట్టెలో వచ్చాయి. మా వంటమనిషి నాగమణిది జూలూరుపాడు. ఆరేళ్ళుగా టెంపరరీ. ఆమెను పర్మనెంట్ చేసే ఫైలు ఈ చీఫ్ ఇంజనీరు గారి దగ్గరే ఉంది. తయారీ ఆమెకు చదివి వినిపించాను. ఉల్లి, వెల్లుల్లి వేయించి, నానబెట్టి నూరిన ఎండుమిర్చి ముద్ద వేసి, సన్నగా తరిగిన రొయ్యలు మగ్గించాలి. పొయ్యి మీంచి దించాక, గుడ్డలో వేలాడదీసిన గట్టి పెరుగు కలపాలి. మంట మీద కలిపితే విరిగిపోతుంది. ఆమె తల ఊపింది.

వడ్డనకు ముందు ప్రతి వంటకాన్నీ మేనేజరు రుచి చూసి రిజిస్టరులో సంతకం చేయాలి. డిప్ నాలుక మీద పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కారంలో పులుపు ఉందో లేదో తెలియలేదు. సంతకం పెట్టేశాను. గిన్నె వరండాలోకి వెళ్ళింది. ఐసు ముక్కల కోసం ఫ్రిజ్ తెరిస్తే పెరుగు మూట కట్టింది కట్టినట్టే ఉంది.

మరి డిప్ అంత చిక్కగా ఎలా వచ్చిందని నాగమణిని అడిగాను.

"రొయ్యలల్ల పెరుగు ఎట్ల కలుపుతం సార్? బొల్లి మచ్చలొస్తయ్. పెద్దింటి ఆడమనిషికి నా చేతుల్తోని గది పెట్టాల్నా? అందుకే పల్లీలు నూరి ఏసిన."

నాకెందుకు చెప్పలేదన్నాను.

"మీరు అడగలే సార్. కాయితం సదివిండ్రు, పోయిండ్రు."

వరండాలోకి పరుగెత్తాను. మేడం గారు అప్పడం ముక్క ముంచి, దాన్ని చేత్తో పట్టుకుని, పక్కన కూర్చున్న ఒకావిడతో మాట్లాడుతున్నారు. ఆ ముక్క లాక్కుని, ఇందులో పల్లీలున్నాయని చెప్పాను. తిన్నారా అని అడిగితే ఇంకా లేదన్నారు.

ఎవరు చేశారని చీఫ్ ఇంజనీరు గారు అడిగారు. అక్కడే కూర్చున్న నా పైఅధికారి వెంటనే, వంటమనిషిని రేపటి నుంచి రావద్దంటానన్నాడు. నేను నోరు మూసుకుంటే బయటపడతాను. కాసేపు మూసుకున్నాను కూడా, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. తర్వాత, పల్లీల మాట ఫోన్‌లో విన్నదీ, వంటగదికి చెప్పనిదీ, రుచి చూసి సంతకం పెట్టిందీ నేనేనని ఒప్పుకున్నాను.

నాకు మెమో వచ్చింది. నాగమణి ఉద్యోగం పోలేదు గానీ, ఆమె ఫైలు ఇంకో రెండేళ్ళు కదల్లేదు.

అప్పటినుంచి తయారీ చదివి వినిపించడం మానేశాను. ఎవరికి ఏది పడదో ముందే చెప్పి, ఎలా వండబోతున్నారో వండేవాళ్ళ నోటనే చెప్పించుకునేవాణ్ణి. మొదటిసారి అలా అడిగిన రోజునే, మెనూలో ఇంకో మూడు వంటలు కూడా నేను చదివినట్టు వండటం లేదని నాగమణి చెప్పింది. ఆ మూడింటికీ రిజిస్టరులో నా సంతకాలున్నాయి.