స్పీకరుకు పెట్టిన బొట్టు

ఎనభైల్లో మేము కాజీపేట రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా టేప్ రికార్డరుకు విడిగా ఒక చెక్క స్పీకర్ పెట్టె ఉండేది. ఒక బతుకమ్మ పండుగకు హసన్‌పర్తిలో మా అత్తమ్మ పాడుతుంటే క్యాసెట్‌లోకి ఎక్కించాను. ఆమె ఒక్కో వరుస అందుకుంటే, చుట్టూ ఆడవాళ్ళు చప్పట్లు చరుస్తూ తిప్పి పాడారు. వాళ్ళలో నా భార్య కూడా ఉంది. మరుసటి పండుగకు అత్తమ్మ లేదు.

ఆ దసరాకు సైకిలుకు, కుట్టుమిషనుకు, నా పనిముట్లకు పెట్టినట్టే నా భార్య స్పీకరుకూ బొట్టు పెట్టింది. ముందున్న గుడ్డకు మరక అవుతుందని దాని చట్రం ఊడదీసి, తడి గంధం నేరుగా లోపల అదిరే నల్ల కాగితం మీదే అద్దింది. మెత్తబడ్డ కాగితం వేలి కింద చిరిగింది. సాయంత్రం క్యాసెట్ వేస్తే అత్తమ్మ గొంతు జరజరమంది.

"మా అమ్మ గొంతు నా చేతులతోనే చింపుకున్న," అంది.

"గొంతుకేం గాలె. కాయితమే చినిగింది. అతికిస్త, జర ఆగు."

తుమ్మబంక నానబెట్టి, చిరుగు అంచులను పుల్లతో సరిచేసి, వెనకనుంచి పోస్టుకార్డు ముక్క అతికించాను. తెల్లవారి విన్నాం. జరజర పోయింది కానీ గొంతు మూసుకుపోయింది.

"మా అమ్మకు సర్ది జేసినట్టున్నది. గిదేనా మీ వైద్యం?"

అట్ట బరువుకు లోపలి కాగితం కదలడం లేదని అప్పుడు అర్థమైంది. అట్టను తడిపి, నెమ్మదిగా ఊడదీశాను. ఈసారి ఆమే పక్కింటి పిల్లలనడిగి చినిగిన పతంగి తెచ్చింది. కత్తెరతో కోయకుండా చేత్తో ఎర్రటి ముక్క తుంచాను. అలా తుంచితే అంచు పలచగా కలిసిపోతుంది. బంక పల్చగా రాసి అతికించి, నీడలో ఆరనిచ్చాను.

అత్తమ్మ మొదటి వరుస అందుకోగానే నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిదే. ఇగ ముట్టకుండ్రి," అంది.

స్పీకర్ బాగైందని డైరీలో రాసుకుని చట్రం బిగించాను.

ఆ పతంగి ముక్క ఇప్పటికీ ఊడలేదు. నా భార్య పోయాక దసరాకు బొట్టు నేనే పెడుతున్నాను, చెక్క మీద. తర్వాత క్యాసెట్ వేస్తాను. అత్తమ్మ వరుస అయ్యేదాకా ఆగి, అందరూ తిప్పి పాడేటప్పుడు చెవి స్పీకరు గుడ్డకు ఆనిస్తాను. అంతమందిలో నా భార్య గొంతు ఒక్కోసారి దొరికినట్టే ఉంటుంది. ఇంతలో అత్తమ్మ తర్వాతి వరుస అందుకుంటుంది.