నొప్పి నీది, చెయ్యి నాది

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలనే పెద్దలకు, నాలుగు కన్నీటి చుక్కలు సిద్ధం చేసుకుని కూర్చున్న పాఠక మహాశయులకు రెండు చేతులూ జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ వ్యాసంలో ఆ సరుకు దొరకదు. మా డాక్టరమ్మ బుధవారం తెల్లవారేసరికి పెనుకొండలో పోయింది. ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "చుట్టాలకన్నా ముందు నీకెందుకు చేసినాడబ్బా?" అని అమ్మ అడిగితే నేను మాట దాటేశాను. ఇక జోడించడానికి నాకు రెండు చేతులంటూ ఉన్నది ఆవిడ వల్లే కాబట్టి, పై క్షమాపణ కూడా పూర్తిగా నాది కాదు.

తొంభైల చివర నేను హిందూపురంలో డిగ్రీ రెండో సంవత్సరం వెలగబెడుతున్నాను. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. సెలవుల్లో పట్టు ఉడకబెడుతుంటే అండా ఒరిగి, సలసల కాగే చాకలిసోడా నీళ్ళు నా కుడిచేతి మీద పడ్డాయి. పట్టు మెత్తబడాలని ఉడకబెడతారు. ఆ రోజు పట్టుతో పాటు నేనూ మెత్తబడ్డాను. నెల తిరిగినా పుండు మానలేదు సరిగదా, పచ్చటి చీము పట్టింది. ఆ వాసనకు బస్సులో నా పక్క సీటులో ఎవరూ కూర్చునేవారు కాదు. నా జన్మకు దక్కిన రాజభోగం అదొక్కటే.

నవ్వులాట అలా ఉంచితే, నాయనకు అప్పటికే చూపు మందగించింది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు కొత్త పడుగును పోగుకు పోగు వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. మా ఇంట్లో ఆ పని నాది. నా వేళ్ళు పోతే మగ్గం పోయినట్టే.

హిందూపురంలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. కాలిన గాయాల వార్డు ఆవిడ రాజ్యం. పొట్టి మనిషి, నూలుచీర, ముక్కు మీద అద్దాలు, మొహాన నవ్వు లేదు. నా కట్టు విప్పి చూసి, నాయన వైపు తిరిగి, "ఇంత కుళ్ళేదాకా యాడ పెట్టుకున్న్యారప్పా, పెట్టెలోనా?" అంది. చెట్ల పసరు రాయించిన నాయన తల దించుకున్నాడు. మా నాయన తల దించుకోవడం నేను అదే మొదలు చూడడం. ఆ నిమిషం నుంచి ఆవిడంటే నాకు పడదు.

ఆవిడ అప్పట్లో ఒక పరిశోధన చేస్తోంది. పచ్చ చీము పట్టి ఎంతకీ మానని పుండ్లకు, నీళ్ళు కలిపి పల్చన చేసిన వెనిగర్‌తో తడిపిన కట్టు మేలా, మామూలు తెల్ల మలాం మేలా అని. ఎవరికి ఏది అన్నది చీటీ తీసి తేల్చేది. ఒప్పుకున్నవాళ్ళకే, అంతా విడమర్చి చెప్పాకే. మేము విన్నాం, తలలూపాం, ఒక్క ముక్క నమ్మలేదు. నాకు మలాం వచ్చింది. పక్క మంచం మడకశిర తాతకు పుల్లనీళ్ళు, అదే ఆ వెనిగరు, వచ్చాయి. బెల్లం వండే కొప్పెరలో కాలు పడి వచ్చిన మనిషి ఆయన.

తాతకు మలాం మీద ఆశ, నాకు పుల్లనీళ్ళే గొప్ప మందేమోనని అనుమానం. లేకుంటే నాకివ్వకుండా ఎందుకు దాస్తారు అని. కట్టు కట్టి సిస్టరు అటు తిరగగానే తాత అన్నాడు: "నీదాంట్లో సగం నాకు, నాదాంట్లో సగం నీకు అప్పా. మంచి మందు ఒగడే పూసుకుంటే పాపం గదా?"

అంతకన్నా న్యాయమైన మాట ఆ వార్డులో ఎవరికీ తోచలేదు. వారం తిరిగేసరికి మంచం మంచానికీ పంపకాలు. పెళ్ళిలో పప్పు వడ్డించినట్టు మందు వడ్డించుకున్నాం.

పట్టించింది వాసన. ఒక పొద్దున ఆవిడ నా చేతి మీదికి వంగి మూచూసింది. మలాం పూసిన చెయ్యి పుల్లగా ఎందుకు వాసనేస్తోందని అడిగింది. తాత పాపం, సత్యవంతుడు. పుణ్యకార్యం కదా అని మొత్తం చెప్పేశాడు.

ఆవిడ తిడుతుందనుకున్నాం. చేతిలో రాసుకునే పుస్తకం మూసేసింది. "మీరు పంచుకున్నింది మందు గాదు. నా కండ్లు. ఇప్పుడు ఏది ఏం చేసిందో నాకేం కనపడదు," అంది. పక్కనున్న చిన్న డాక్టరు, ఈ వార్డు సంగతి బయట ఎవరికి తెలుస్తుంది మేడమ్, రాసేద్దాం అన్నాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, "పుండుకు తెలుస్తాది," అంది. నెలల తరబడి చేసిన పని అంతా పక్కన పడేసి మళ్ళీ మొదటి చీటీ నుంచి మొదలుపెట్టింది. మమ్మల్ని మాత్రం ఆ చీటీల దగ్గరికి రానివ్వలేదు. రెండోసారి పుల్లనీళ్ళే గెలిచాయని తర్వాత తెలిసింది. "పచ్చ చీముకు మాత్రమే. అన్నిటికీ అని ఊర్లో దండోరా ఎయ్యొద్దు," అని నాతో ప్రత్యేకంగా చెప్పింది. నా నోటి మీద ఆవిడకున్న గౌరవం అలాంటిది.

పుండు మానడంతో నా పని అయిపోయిందనుకున్నాను. అసలు నరకం అప్పుడు మొదలైంది. కాలిన చోట చర్మం బిగిసి, పిడికిలి పట్టదు. రోజూ ఆవిడ ఎదురుగా కూర్చుని నా వేళ్ళను ఒక్కొక్కటే అరచేతి వైపు వంచేది. కళ్ళముందు చుక్కలు, పగటిపూటే. అరిస్తే ఒకటే మాట: "నొప్పి నీది, చెయ్యి నాది." వేలి కొసకూ అరచేతికీ మధ్య సందును చిన్న స్టీలు స్కేలు పెట్టి కొలిచేది. ఒకసారి మణికట్టు వంచి మోసం చేయబోయాను. స్కేలుతో చురుక్కుమని ఒకటిచ్చి, "స్కేలుకు మొగమాటం ఉండదబ్బా," అంది. ఏడ్చాను, తిట్టాను, ఇంటికి పోతానన్నాను. అమ్మ ధర్మవరం నుంచి పట్టుపోగులు తెచ్చి మంచం మీద పెట్టింది. అతకమంది ఆవిడ. తెగితే "మళ్ళీ" అంది. అతికితే కూడా "మళ్ళీ" అంది. మెచ్చుకుంటే కొంప మునుగుతుందన్నట్టు.

ఆ ఏడాది చివర మా మగ్గం మీద పడుగు నేనే అతికాను. ఆవిడకు చెప్పడానికి పోలేదు. ఎందుకు పోవాలి?

ఇక నేరాలు. ఆవిడ స్కూటరు గాలి తీసింది నేను కాదు. గోడ మీద 'పుల్లనీళ్ళ డాక్టరమ్మ' అని బొగ్గుతో రాసిందీ నేను కాదు, నా దస్తూరి అంతకన్నా బాగుంటుంది. ఆవిడ మీద ఆకాశరామన్న ఉత్తరం పోయిందంటారు, దానికీ నాకూ సంబంధం లేదు. నేను చేసింది ఒకటే.

రిటైరై పెనుకొండ చేరాక ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పిడికిలి బిగిసి తెరుచుకోదు, గోళ్ళు అరచేతిలో దిగిపోతున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా అయ్యో అని, పళ్ళు పెట్టి పోతున్నారట. ఆ సంగతి విన్న మొదటి ఆదివారం ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కాను. నన్ను చూసి, వంకరపోయిన నోటితోనే, "ఏమబ్బా, నవ్వనీకి వచ్చినావా?" అంది. అవును మేడమ్ అన్నాను. గోరువెచ్చని నీళ్ళలో ఆ చెయ్యి నానబెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాను. ఆవిడ అరిచింది. కొండ దాకా వినపడేట్టు అరిచింది. నేను వదల్లేదు.

"నొప్పి మీది మేడమ్. చెయ్యి నాది."

ఆపైన ఒక్క ఆదివారమూ వదల్లేదు. గోళ్ళు తీసేవాణ్ణి, తిట్లు తినేవాణ్ణి, సాయంత్రం రైలుకు వచ్చేసేవాణ్ణి. మా ఇంట్లో క్రికెట్టుకు పోతున్నాడనుకునేవారు. ఒక్కసారీ ఆవిడ బాగుందనలేదు, నేనూ తగ్గిందనలేదు.

బుధవారం చర్చిలో శవపెట్టె మూసేముందు చూశాను. ఎడమచేతిని ఎవరో పద్ధతిగా గుండె మీద పెట్టారు. కుడిచెయ్యి తెల్లచీర మీద వెల్లకిలా, తెరుచుకునే ఉంది. అరచేతిలో నాలుగు పాత గోటి గాట్లు, మానిపోయి.