మళ్లీ ఐదో రోజే

తొంభైల మొదట్లో ఒక ఆగస్టు. బిలాస్‌పూర్‌లో మాది చిన్న వాతావరణ ఆఫీసు. కంప్యూటర్ వేసిన మ్యాపులు, పైవాళ్లు రాసిన బులెటిన్ ఫ్యాక్స్‌లో వచ్చేవి. బులెటిన్ని రేడియోకి పంపడం నా పని. ఆ నెలలో వాన ముఖం చాటేసింది.

హిమాలయాలకు ఎంతో ఉత్తరాన, పడమటి గాలులు పారే దారిలో ఒక ‘బ్లాకింగ్ హై’ తిష్ఠ వేసింది. అంటే అధిక పీడనం ఒకచోట పేరుకుని, గాలిని పక్కకు తోసేసి, వారాల తరబడి కదలకపోవడం. అలాంటప్పుడు మన రుతుపవనాలూ చాలాసార్లు మొరాయిస్తాయి.

రాబోయే ఐదో రోజుకని వేసిన మ్యాపులో ఆ హై కరిగిపోయినట్టు కనిపించేది. మర్నాడు కొత్త మ్యాపులు చూస్తే కరిగేది మళ్లీ ఐదో రోజే. అప్పటి ‘మోడల్’, అంటే వాతావరణాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్, భూమిని పెద్ద పెద్ద గళ్లుగా కోసుకునేది. హైకి బలాన్నిచ్చే చిన్న సుడులు ఆ గళ్లలో సరిగా పడేవి కావు. ఊతం కనపడని గోడ పడిపోతుందనే కదా ఎవరైనా అనుకుంటారు. పై అధికారికి ఈ మాటే చెప్పాను. రుజువేదన్నాడు. నా దగ్గర లేదు.

అప్పుడే దగ్గర్లోని బిల్హా నుంచి సూరమ్మ వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసిన మొగుడు పోయాక అక్కడే కౌలుకి వరి వేస్తోంది. ఆ ప్రాంతంలో వరి వెదజల్లి, కాస్త ఎదిగాక, నిలిచిన నీళ్లలో పైరు మీదే నాగలి తోలతారు. దాన్ని బియాసీ అంటారు. కలుపు పోయి పైరు పలచబడుతుంది. దున్నాక వాన పడకపోతే మాత్రం వేళ్లు కదిలిన పైరు నిలవదు. ఆమె మడిలో నీళ్లు ఇంకిపోతున్నాయి.

“రేడియోలో ఐదు రోజుల్లో వానంతన్నారు. నువ్వేటంతావు బాబూ?”

“రోజూ అదే మాటమ్మా. వానకి అడ్డుపడ్డది ఇప్పట్లో కదలదనిపిస్తోంది. నేనైతే దున్నను,” అన్నాను. నా పేరు చెప్పి ఊళ్లో అందరికీ చెప్పమన్నాను. ఉద్యోగానికి ఏం మూడుతుందోనని లోపల భయపడ్డ మాట నిజం.

సూరమ్మ దున్నలేదు. పక్క చేను బుధరామ్ మాత్రం, సర్కారు రేడియో కన్నా నీ బాబుకి ఎక్కువ తెలుసా అని నవ్వి, ఉన్న కాస్త నీళ్లలోనే నాగలి కట్టాడట. హై కదల్లేదు. అతని పైరు ఎండి గడ్డయింది.

నెలాఖరుకి వాన పడ్డాక సూరమ్మ మళ్లీ వచ్చింది. ఆలస్యమైనా బియాసీ అయిందంది. ఒత్తుగా ఉన్నచోట తీసిన మొక్కలు బుధరామ్ చేనుకి పనికొస్తాయని దాచిందట. మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను. ఆమె ముఖం వాడిపోయి ఉంది.

“నారట్టుకెల్లి ఆడి గుమ్మంకాడ నిలబడ్డాను బాబూ. తాళం. పెళ్లాం పిల్లల్తో కూలిపనికి రైలెక్కీసినాడట.”

నా మాట ఫలించిందన్న గర్వం అక్కడే చచ్చిపోయింది.

ఇప్పుడు గళ్లు చిన్నవయ్యాయి, మోడళ్లు బాగుపడ్డాయి. హైని తొందరపడి కరిగించే గుణం మాత్రం పూర్తిగా పోలేదు. వాన ఎప్పుడో చెప్పేవాడు, ఆ మాట అప్పటికి ఎన్నోసారి చెబుతున్నాడో కూడా చెప్పాలని ఆ ఏడు నేర్చుకున్నాను. పోరి పోరి ఆ ఒక్క వాక్యం బులెటిన్‌లో చేర్పించాను.

నేను బదిలీ మీద వెళ్లేనాటికి కూడా బుధరామ్ ఇంటి తాళం తియ్యలేదని సూరమ్మ చెప్పింది.