నలుగురం వెళ్లి ముగ్గురం వచ్చిన బ్యాటరీ కారు

ఉదయం ఆరున్నరకు నంద్యాల ట్యాక్సీ స్టాండులో కలవాలని మాట. నేను ఆరు ఇరవైకే వెళ్లి నిలబడ్డాను. బయలుదేరేసరికి ఏడుంబావు అయింది. ఈ ఆలస్యానికి కారణం కారు కాదు, స్టాండు యజమాని ఓబుల్ రెడ్డి. ఆయన ఇంట్లో టిఫిను చేసి తీరిగ్గా వచ్చాడు. మమ్మల్ని కూడా తినేసి రమ్మని ముందురోజు చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు.

ఎనభైల మొదటి సంవత్సరాల సంగతి ఇది. పెట్రోలు రేటు పెరిగిన ప్రతిసారీ స్టాండులో డ్రైవర్లు తలలు పట్టుకునేవాళ్లు. ఆ స్టాండు పక్క రేకుల షెడ్డులో దస్తగిరికి బ్యాటరీల దుకాణం ఉండేది. చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రాక్టరు బ్యాటరీలు తెచ్చి అతని దగ్గర ఛార్జింగుకు పెట్టి, మరునాడు వచ్చి తీసుకుపోయేవాళ్లు. అతను రెండేళ్లు కష్టపడి ఒక కారు తయారుచేశాడు. ఒక పాత చిన్న కారులోంచి ఇంజను తీసేసి, మూతపడిన టూరింగు టాకీసులో కొన్న మోటారు బిగించాడు. డిక్కీలో నాలుగు, ముందు ఇంజను ఉండే చోట నాలుగు, మొత్తం ఎనిమిది ట్రాక్టరు బ్యాటరీలు పెట్టాడు. నాలుగు నెలలుగా ఆ కారు ఊళ్లో తిరుగుతూనే ఉంది.

దస్తగిరి కోరిక ఒక్కటే. రెడ్డి తన అద్దె కార్లలో మూడింటిని ఇలా మార్పించుకోవాలి. రెడ్డి పెట్టిన షరతు కూడా ఒక్కటే. నలుగురు ఎక్కి ఆళ్లగడ్డ పోవాలి, పొద్దుగూకేలోపల ఆ కారు తిరిగి స్టాండుకు రావాలి. వస్తే మూడు కార్ల పని దస్తగిరిది. రాకపోతే షెడ్డు ఖాళీ చేయాలి. షెడ్డు రెడ్డిదే, ఆయనకు అక్కడ కార్లు నిలుపుకోవాలని ఎప్పటినుంచో ఉంది.

నేను బడిపంతులును. కార్ల పని నాకు తెలియదు. నన్నెందుకు పిలిచారో దస్తగిరి దాచకుండా చెప్పాడు.

"రెడ్డే చెప్పినాడు సార్. 'ఆ జయరాజు సారును పిల్చుకోని పోదాం. ఆయప్ప బాగుందంటే ఇంగ ఊర్లో ఎవురూ బాగలేదనరు' అన్నాడు."

దీన్ని పొగడ్తగా తీసుకోవాలో లేదో నాకు తెలియలేదు. ఓబుల్ రెడ్డికీ నాకూ ఉన్న లెక్క వేరు. దీనికి ఆరేళ్ల ముందు ఆళ్లగడ్డలో పరీక్షల డ్యూటీకి ఆయన ట్యాక్సీలోనే బయలుదేరాను. శిరివెళ్లలో పెళ్లివాళ్లు ఐదుగురు చెయ్యెత్తితే ఆయన డ్రైవరు నన్ను దింపేశాడు. "మీరు దిగండి సారూ, ఎనక బస్సొస్తాది" అన్నాడు. బస్సు గంటన్నరకు వచ్చింది. పరీక్షకు ఆలస్యంగా వెళ్లినందుకు నాకు మెమో ఇచ్చారు. అది ఇప్పటికీ నా ఫైలులో ఉంది. రెడ్డిని అడిగితే స్టాండులో పదిమంది ముందు నవ్వాడు. "దిగితే ఏం పోయిందప్పా, కాళ్లుండాయి గదా!" అన్నాడు. నేను పైవాళ్లకు ఆరు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

అయినా వెళ్లాను. దస్తగిరి అడిగాడు కాబట్టి వెళ్లాను.

డ్రైవరు సీట్లో మాబు కూర్చున్నాడు. అతను రెడ్డి దగ్గర పదేళ్లుగా నడుపుతున్న మనిషి. అతని పక్కన రెడ్డి, వెనక నేనూ దస్తగిరీ. రెడ్డి ఒక్కడే ఇద్దరి బరువుంటాడు. స్విచ్చి వేసినా కారు చప్పుడు చేయలేదు. మాబు రెండుసార్లు తాళం తిప్పి చూశాడు.

"స్టార్టు అయిందా ల్యాదా అన్నా?"

"అయింది, పోనీ" అన్నాడు దస్తగిరి.

ఊరు దాటేవరకు మాబు హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. చప్పుడు లేని కారు వెనక వస్తోందని ఎవరికీ తెలియదు. నూనెపల్లె దగ్గర ఒక గేదె దారి మధ్యలో నిలబడి, మమ్మల్ని చూసి కూడా కదల్లేదు. దాన్ని తోలుకుపోతున్న ఆమె వెనక్కి తిరిగి, "ఏందప్పా, దయ్యం మాదిరి వస్తాండారు!" అని తిట్టింది. ఇలాంటి కారులో పోదలచినవాళ్లు గట్టి హారను పెట్టించుకోవాలి.

దారి మాత్రం సుఖంగా సాగింది. పొగ లేదు, వాసన లేదు. ఎడమవైపు దూరంగా నల్లమల కొండలు, రెండువైపులా నల్లరేగడి చేలు. మాట్లాడుకుంటే ఒకరి మాట ఒకరికి వినిపించింది. ట్యాక్సీలో ఇది నేనెప్పుడూ ఎరగను. ఎంతసేపూ సైకిలువాళ్లను దాటాం, లారీలు మమ్మల్ని దాటాయి. డ్యాష్‌బోర్డు మీద దస్తగిరి ఒక మీటరు బిగించాడు. బ్యాటరీలో సరుకు తగ్గేకొద్దీ దాని ముల్లు ఎడమకు జరుగుతుంది. దస్తగిరి కళ్లు ఆ ముల్లు మీదే ఉన్నాయి. శిరివెళ్లలో ముల్లు సగానికి వచ్చింది. తొమ్మిదికి ఆళ్లగడ్డ చేరేసరికి ఎర్రగీత దగ్గర వణుకుతోంది.

"వచ్చినాం గదా రెడ్డీ" అన్నాడు దస్తగిరి.

"వచ్చేది ఎద్దులబండి గూడా వస్తాది. పొయ్యేది చూడల్ల" అన్నాడు రెడ్డి.

బస్టాండు ఎదుటి హోటల్లో టిఫిను చేశాం. ఇడ్లీ చల్లగా ఉంది. వేడివి అడిగితే సర్వరు రెడ్డికి తెచ్చాడు, నాకు తేలేదు. ఆ హోటలు పేరు ఇక్కడ రాయను. బస్టాండులోంచి బయటికి వస్తే ఎడమచేతి మొదటిది.

కారును ఛార్జింగు పెట్టడానికి పిండిమర దగ్గరకు తోలుకుపోయాం. దస్తగిరి తన షాపులోని ఛార్జరునే కారులో వెంట తెచ్చుకున్నాడు. మరకు వచ్చే కరెంటు గట్టిది కాబట్టి అతను ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. ఆరు గంటలు పెడితే తిరిగి పోవడానికి సరిపోతుందని అతని లెక్క. తొమ్మిదిన్నరకు వైరు తగిలించాడు. తగిలించగానే మర ఆడే వేగం తగ్గింది. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఏడెనిమిది మంది బయట చేటలతో కూర్చుని ఉన్నారు.

"ఏందీ, కారుకు గూడా పిండి పట్టిస్తాండారా?" అంది ఒకామె.

"దాని వంతు అయినాంక మన వంతంట. ముందు మొగోళ్లది, ఆమీట మనది" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. రెడ్డి కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. మరవాడు రెడ్డికి కుర్చీ వేశాడు, నాకు వేయలేదు. మూడు గంటలు జొన్నల బస్తా మీద కూర్చున్నాను.

పదకొండు గంటలకు కరెంటు పోయింది. మర ఆగింది, ఛార్జరు ఆగింది. ఆడవాళ్లలో పెద్దామె ఒకతె లేచి వచ్చి కారు చుట్టూ తిరిగి చూసింది.

"పెట్రోలు అయిపోతే డబ్బా పట్టుకోని యాడికన్నా పోతావు. కరెంటు పోతే యాడ తెచ్చుకుంటావు నాయనా?" అని దస్తగిరిని అడిగింది.

ఆమెది ఎగతాళి కాదు. తెలుసుకోవాలనే అడిగింది. నేను ఆ రోజు విన్న మాటల్లో ఈ బండ్ల గురించి అన్నిటికన్నా తెలివైన మాట అదే.

ఒంటిగంట దాటాక కరెంటు వచ్చింది. మేం హోటలు మార్చి భోజనం చేసి వచ్చాం. మూడు నలభైకి దస్తగిరి వైరు తీశాడు. బ్యాటరీ మూతలు విప్పి, గాజుగొట్టంతో లోపలి యాసిడు పీల్చి చూసి, మూతలు పెట్టాడు.

"ఎంతుంది?" అన్నాను.

"ముక్కాలు ఉంటాది సార్. నిదానంగా పోతే నలుగురితో చేరుకుంటాం. ఇంగ గంటసేపు పెడితే బాగుండు. పొద్దుగూకేలోపల పోవల్ల గదా."

ఊరు దాటి రెండు మైళ్లు పోయామో లేదో, దారి పక్క ఒక ముసలాయన, ఆయన భార్య చెయ్యెత్తారు. పక్కన రెండు వేరుశనగ మూటలు ఉన్నాయి. మాబు కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ట్యాక్సీవాళ్లకు అది అలవాటు. సీటు ఖాళీ ఉండగా చెయ్యెత్తిన మనిషిని వదిలి పోవడం వాళ్లకు చేతకాదు. ఆ అలవాటు నేర్పింది రెడ్డే.

"వద్దు రెడ్డీ" అన్నాడు దస్తగిరి. "నలుగురికే లెక్క."

"ఎనక జాగా ఉంది గదప్పా. శిరివెళ్ల దాకానే. ఎక్కించుకో మాబూ."

"రెడ్డీ, బ్యాటరీ తట్టుకోదు."

"ఇద్దరు ముసలోళ్లను తట్టుకోని బండి నాకేం పనికొస్తాది? ఎక్కండెక్కండి. బుడ్డల మూటలు కాళ్లకాడ పెట్టుకోండి."

మూటలు నా కాళ్ల మీదికి వచ్చాయి. శిరివెళ్ల వరకు మోకాళ్లు గడ్డం దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. దస్తగిరి ముందుసీట్ల మధ్యలోంచి తల పెట్టి ముల్లు చూస్తూనే ఉన్నాడు.

నాలుగు నలభై ఐదుకు శిరివెళ్లలో ముసలివాళ్లు దిగిపోయారు. రెడ్డి వాళ్ల దగ్గర చార్జీ తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఊరు దాటాక కాలువ వంతెన ఒకటి ఉంది. అది పెద్ద ఎత్తేమీ కాదు. కారు సగం ఎక్కి ఆగింది. మాబు బ్రేకు పట్టి కూర్చున్నాడు. ముల్లు ఎర్రగీత మీదికి వచ్చింది.

అందరం దిగి తోసి వంతెన దాటించాం. దస్తగిరి బ్యాటరీలకు కాసేపు విశ్రాంతి ఇచ్చి మళ్లీ మీటరు చూశాడు.

"తేరుకుంది. ఒకరు తగ్గితే నంద్యాల చేరతాం. నలుగురూ ఎక్కితే మళ్లా మధ్యలో నిలబడతాది" అన్నాడు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "సార్, మీరేమీ అనుకోకుంటే... ఎనక బస్సుంది."

ఆరేళ్ల తర్వాత, అదే శిరివెళ్ల, అదే మాట. దస్తగిరికి పాత సంగతి తెలుసు, ఊళ్లో అందరికీ తెలుసు. కానీ ఆ నిమిషంలో అతనికి అది గుర్తున్నట్టు లేదు. రెడ్డికి గుర్తుంది. మీసం కింద నవ్వు కనిపించింది.

"నేను దిగను" అన్నాను. "బరువు తగ్గాలంటే ఎక్కువ బరువున్నవాళ్లు దిగాలి. రెడ్డిగారికి కాళ్లున్నాయి."

మాబు అటు తిరిగి కాలువలోకి చూశాడు. రెడ్డి మొహంలో నవ్వు పోయింది. "ఏందీ, బండ్లు మార్పించుకునేటోన్ని నేను. నేనే దిగాల్నా?" అన్నాడు.

"షరతు నలుగురికి. ఆరుగురిని ఎక్కించింది మీరు."

దస్తగిరి నన్ను చూశాడు, రెడ్డిని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. నేను వెనక సీట్లోకి ఎక్కి తలుపు వేసుకున్నాను. చివరికి రెడ్డి భుజం మీది తువ్వాలు దులుపుకుని, "పోండప్పా, పోండి" అని వంతెన గోడ మీద కూర్చున్నాడు.

ఐదు గంటలకు కదిలాం. మాబు ఏ చెయ్యికీ ఆపలేదు. పాపం, చెయ్యెత్తిన ప్రతి మనిషినీ అద్దంలో వెనక్కి చూసుకుంటూ పోయాడు. దారిలో బస్సు మమ్మల్ని దాటింది. కిటికీ పక్కన రెడ్డి కూర్చుని ఉన్నాడు. మా వైపు చూడలేదు.

ఆరుంబావుకు స్టాండులో ఆగాం. ఇంకా వెలుతురు ఉంది. ముల్లు పూర్తిగా పడలేదు. రెడ్డి అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఎంతమంది దిగినారు?" అన్నాడు.

జవాబు కోసం ఆగకుండా తనే వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"ముగ్గురు. నేను చెప్పింది నలుగురు."

దారిలో ఎక్కించుకున్న ఇద్దరి సంగతి, మూటల సంగతి, రెండు గంటలు పోయిన కరెంటు సంగతి నేను వరుసగా చెప్పాను. రెడ్డి అంతా విన్నాడు. కోపం చూపలేదు.

"సారూ, దావలో చెయ్యెత్తినోడే బాడుగ బండికి బువ్వ. వాన్ని ఇడ్సిపెట్టి పొయ్యే బండి నాకెందుకు? పెట్రోలు బండి ఈపాటికి మూడుసార్లు పోయి వచ్చుండు. ఇంగ దావలో మనిషిని దించేది అంటావా, అందరూ నీ మాదిరి ఉత్తరాలు రాసి గమ్మునుండరు, తంతారు. నన్ను దించినారు గదా, ఆ వంతెన మీద కూచున్నెప్పుడు నాకూ తన్నాలనే అనిపించె."

దారిలో దించితే తన్నాలనిపిస్తుందన్న మాట ఆరేళ్లకు రెడ్డి నోట విన్నాను. దాన్ని తేదీతో సహా రాసి పెట్టుకున్నాను.

దస్తగిరి షెడ్డు తాళంచెవి తీసి రెడ్డి చేతిలో పెట్టబోయాడు. "నెలాఖరుకు చూద్దాంలే" అన్నాడు రెడ్డి. అంటే నెలాఖరుకు ఖాళీ చేయమని.

ఈ దారిన ఇలాంటి కారులో పోవాలనుకునేవాళ్లకు నా అభిప్రాయం చెప్తాను. నంద్యాలలో కాపురం ఉండి, బడికో ఆసుపత్రికో పోయి, సాయంత్రం ఇంటికి వచ్చేవాళ్లకు ఇంతకన్నా మంచి కారు లేదు. రాత్రి ఇంట్లో వైరు తగిలించుకోవచ్చు, పొగ ఉండదు, ఖర్చు తక్కువ. ఒక్కరోజులో ఆళ్లగడ్డ పోయి రావడం కూడా వీలే, పోయినవాళ్లకు అక్కడ ఆరుగంటల పని ఉంటే, ఆ ఆరుగంటలూ కరెంటు ఉంటే. అద్దెకు మాత్రం పనికిరాదు. అద్దె కారు దేనికోసమూ ఆగకూడదు, అందరికోసమూ ఆగాలి. ఈ కారు ఆ రెండూ చేయలేదు. రెడ్డి మీద నాకున్న కోపం పక్కన పెట్టే ఇది రాస్తున్నాను.

దస్తగిరి నన్ను ఇంటి దగ్గర దింపుతానన్నాడు. ఇద్దరమే బయలుదేరాం. అతను చర్చి దగ్గర మలుపు తిరిగాక అన్నాడు:

"సార్, మీరు దిగింటే రెడ్డి కార్లోనే స్టాండుకు వచ్చుండు. లోపల కూచోని వచ్చినోడు ముగ్గురా నలుగురా అని లెక్కబెట్టడు."

అతను చెప్పింది నిజం. వంతెన దగ్గర తలుపు వేసుకున్నప్పుడే నాకది తెలుసు.

మా వీధి మొదట్లో కారు ఆగింది. ముల్లు పూర్తిగా ఎడమకు పడిపోయింది. దస్తగిరి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ అన్నాడు.

"దిగండి సార్."

దిగాను. కారు వెనక చేరి, షెడ్డు దాకా తోశాను. దీని గురించి ఎవరికీ ఉత్తరం రాయలేదు.