వదినకు ఊరు చూపించిన వేసవి

అన్నయ్య పెళ్ళయి వదిన భిలాయికి వచ్చిన రెండో వారంలో అమ్మ నాకొక పని అప్పజెప్పింది.

"కొత్త పిల్ల. ఇంట్లోనే కూకుంటే బెంగెట్టుకుంటాది. ఆదివారం ఆదివారం దాన్ని అలా తిప్పుకొని రా. ఊరు సూపించు."

అన్నయ్యకు ఉక్కు ప్లాంటులో షిఫ్టులు. సెలవు ఏ రోజు పడుతుందో అతనికే తెలియదు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, కాలేజీలో రెండో సంవత్సరం. ఊరు చూపించడానికి నాకంటే తగినవాళ్ళు ఇంట్లో లేరు. వదినంటే నాకు గిట్టదన్న సంగతి మాత్రం అమ్మకు తెలియదు.

గిట్టకపోవడానికి ఆమె చేసిన తప్పేమీ లేదు. వదినది టెక్కలి దగ్గర పల్లె. అమ్మ పుట్టిల్లూ ఆ పక్కే. వచ్చిన మూడో రోజు నుంచే ఇద్దరూ వంటింట్లో కూర్చుని ఆ ఊళ్ళ సంగతులు, చుట్టరికాలు కలబోసుకుని నవ్వుకునేవారు. నేను పుట్టింది ఇక్కడే, సెక్టారు క్వార్టర్లో. నాకు కల వచ్చినా హిందీలోనే వస్తుంది. ఒకరోజు చుట్టాలు భోజనానికి వచ్చినప్పుడు నేను "అన్నం అయిపోయాడు" అన్నాను. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయిపోనాది అనాల పాపా" అంది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా అమ్మ నవ్వింది.

అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మొదటి ఆదివారం మైత్రీబాగ్ జూకు తీసుకెళ్ళాను. నాతో చదివే ఇద్దరు అమ్మాయిలు కూడా వచ్చారు. వాళ్ళకు తెలుగు రాదు, వదినకు హిందీ రాదు. మధ్యలో నేను. ఎవరు ఏమన్నారో ఎవరికి ఎంత చెప్పాలో అంతా నా చేతిలో ఉంది. ఆ సంగతి నాకు గేటు దాటిన కాసేపటికే తెలిసిపోయింది.

తెల్ల పులి ముందు వదిన చిన్నపిల్లలా నిలబడిపోయింది. "ఇదేటి పాపా, సున్నం ఏసినట్టుంది దీనికి?" అంది. నేను ఆ మాటను స్నేహితులకు హిందీలో చెప్పాను, ఆమె వెర్రిబాగులది అన్నట్టుగా. వాళ్ళు నవ్వారు. తన మాట వాళ్ళకు నచ్చిందనుకుని వదిన కూడా నవ్వింది.

ఆమె దగ్గర అరచేయంత పుస్తకం ఒకటి ఉండేది. అందులో హిందీ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకునేది. నీళ్ళంటే పానీ, ఉప్పంటే నమక్, అన్నయ్యంటే భయ్యా. చెట్టు కింద కూర్చున్నప్పుడు ఆ పుస్తకం తీసి అడిగింది.

"పాపా, నాకు హిందీ రాదు, కొంచెం సాయం సెయ్యండి అనడానికి ఏటనాల?"

ఏం అడుగుతోందని స్నేహితులు అడిగారు. చెప్పాను. ఇద్దరిలో ఒకతె నా చెవిలో ఏదో ఊది కిసుక్కుమంది. సలహా ఆమెదే, కానీ రాసింది నేను. పుస్తకం తీసుకుని, అమ్మ చిన్నప్పుడు పలక మీద దిద్దించిన నా వంకర తెలుగు అక్షరాలతో రాశాను: "మై ఘర్ సే భాగ్ కర్ ఆయీ హూ."

అంటే, నేను ఇంట్లోంచి పారిపోయి వచ్చాను అని.

వదిన దాన్ని మూడుసార్లు చదివి బట్టీ పట్టింది. అక్కడే ఐస్‌క్రీం బండి ముసలాయన దగ్గరకు వెళ్ళి, రెండు చేతులూ జోడించి, అక్షరం తప్పకుండా అప్పజెప్పింది. ఆయన ఆమె ముఖం చూశాడు. మెడలో ఇంకా పసుపు ఆరని తాడు చూశాడు. వెనక నవ్వాపుకోలేక మెలికలు తిరుగుతున్న మమ్మల్ని చూశాడు. "బేటీ, ఐసా మజాక్ నహీ కర్తే" అన్నాడు నాతో. ఇలాంటి వేళాకోళం చేయకూడదమ్మా అని.

"ఏటన్నాడు?" అంది వదిన.

"నీ హిందీ బాగుందన్నాడు."

ఆమె ముఖం వెలిగిపోయింది.

రెండో ఆదివారం దేవబలోదాలో పాత శివాలయానికి వెళ్ళాం. వదిన రాతి గోడల మీది బొమ్మలన్నీ వేలితో తడుముతూ ఒక్కొక్కటే చూసింది. బయట పువ్వులమ్మే ఒక నడివయసు ఆమెతో అదే మాట అంది. ఆవిడ కంగారుపడి వదిన చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది, ఏమేమో అడిగింది. మేం స్తంభం చాటున కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. తిరిగొచ్చేటప్పుడు వదిన, "మీ ఊరోలు మంచోలు పాపా. సాయం అంటే సాలు, సెయ్యి పట్టుకుంటారు" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెబుదామన్న ఊహే రాలేదు.

ఏప్రిల్‌లో డోంగర్‌గఢ్ వెళ్ళాం. భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో తెల్లవారుజామున బండెక్కాం. వదిన అంతకంటే ముందే లేచి అందరికీ పులిహోర చేసింది. నా స్నేహితులకు కారం పడదని నేనెప్పుడో అన్నాను, వాళ్ళకు వేరే డబ్బాలో కారం తగ్గించి కలిపింది.

కొండ మీది అమ్మవారి గుడికి వెయ్యికి పైన మెట్లు. పక్కనే రోప్‌వే ఉంది. కింద నిలబడి వదినకు చెప్పాను: మొదటిసారి వచ్చినవాళ్ళు చెప్పుల్లేకుండా ఎక్కాలి, పైకి చేరేదాకా మంచినీళ్ళు తాగకూడదు, మా ఊళ్ళో అది ఆచారం.

"అత్తమ్మ కూడా అలాగే ఎక్కినారా?"

"అమ్మా అలాగే ఎక్కింది."

అమ్మ ఎక్కింది చెప్పులతో, నాలుగు చోట్ల ఆగి, నాలుగు చోట్లా నీళ్ళు తాగి. వదిన వెంటనే చెప్పులు విడిచి నా చేతికిచ్చింది. మెట్ల మీద కోతులు లాక్కుంటాయని చెప్పి ఆమె చేతి సంచి కూడా తీసుకున్నాను. అందులోనే ఆమె ఫోను, ఆ పుస్తకం ఉన్నాయి.

"మరి మీరో?"

"మేం ఎన్నోసార్లు వచ్చాం. మాకు పట్టింపు లేదు. పైన కనిపిస్తాం."

మేం రోప్‌వేలో వెళ్ళి దర్శనం చేసుకుని, నీడ చూసుకుని కూర్చుని, ఆమె చేసిన పులిహోర తిన్నాం. ఎండ ముదిరింది. కింద రాయి పెనంలా కాలుతుంటుందని తెలుసు. గంట దాటినా ఆమె రాలేదు. "పైకొచ్చి ఓ అరగంట వెతుక్కోనీ, సరదాగా ఉంటుంది" అన్నాన్నేను. ఈ మాట స్నేహితులది కాదు, నాదే. రోప్‌వేలోనే కిందకు దిగి స్టేషనుకు వెళ్ళాం. బండి వచ్చింది. తర్వాతి బండి ఎప్పుడో. స్నేహితులు ఎక్కేశారు. నేను ఒక కాలు ప్లాట్‌ఫారం మీద, ఒక కాలు పెట్టె మెట్టు మీద పెట్టి ఒక్క క్షణం ఆగాను. ఎక్కేశాను.

దారిలో ఆమె సంచిలో ఫోను రెండుసార్లు మోగింది. అన్నయ్య పేరు కనిపించింది. ఎత్తలేదు.

ఇంటికొచ్చి, జనంలో వదిన తప్పిపోయిందని, వెతికి వెతికి వచ్చామని చెప్పాను. అన్నయ్య చొక్కా తొడుక్కుంటుండగానే అతని ఫోను మోగింది. టెక్కలి నుంచి వదిన వాళ్ళ నాన్న. ఏడుస్తున్నాడు.

జరిగింది ఇది. వదిన వట్టికాళ్ళతో, గొంతు తడుపుకోకుండా మొత్తం మెట్లు ఎక్కింది. పైన మాకోసం వెతికింది, దిగొచ్చి కింద వెతికింది. తర్వాత కనబడిన ప్రతి మనిషికీ చేతులు జోడించి తనకు తెలిసిన ఒకే ఒక్క హిందీ వాక్యం చెప్పింది. ముందు ఆడవాళ్ళు ఆగారు. తర్వాత మగవాళ్ళు మూగారు. ఇద్దరు కుర్రాళ్ళు మాతో రమ్మని వెంటపడితే భయపడి పరుగెత్తి, ఆడ పోలీసులు కనబడితే వాళ్ళకూ అదే చెప్పింది. వాళ్ళు రాసుకున్నారు. అన్నయ్య కొత్త నంబరు ఆమెకు నోటికి రాదు, వాళ్ళ నాన్నది వచ్చు. పోలీసులు ఆయనకే ఫోను చేశారు. ఆయనకు హిందీ రాదు. పక్కింట్లో ఆర్మీలో చేసి వచ్చిన పెద్దాయన ఫోను తీసుకుని, వాకిట్లో నలుగురూ వింటుండగా తెలుగులో చెప్పాడు: "మీ పిల్ల అత్తారింటికాడ్నుంచి పారిపోనానని సెప్తంది."

అన్నయ్య కారు మాట్లాడుకుని బయల్దేరాడు. అతను వీధి మలుపు తిరగ్గానే నేను వదిన సంచిలోంచి పుస్తకం తీసి, నా చేతిరాత ఉన్న కాగితం చింపి, ముక్కలు చేసి, బాత్రూంలో పోసి నీళ్ళు కొట్టాను.

దీపాలు పెట్టే వేళకు వచ్చారు. వదిన గడప దగ్గర నిలబడిపోయింది. అరికాళ్ళు బొబ్బలెక్కి చితికాయి. నడిచిన చోటల్లా తడి మరక పడింది. అమ్మ ఆ కాళ్ళ వైపు చూడలేదు.

"పారిపోయి వచ్చినానని ఎందుకన్నావే?"

వదిన నావైపు చూసింది. నేను ఆమె సంచి తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె పుస్తకం తెరిచింది. కుట్టు దగ్గర చిరుగు పోగులు మిగిలాయి. దానిమీద ఒకసారి వేలు పెట్టి చూసుకుని పుస్తకం మూసేసింది.

"భాష రాక ఏదో అనీసినాను అత్తమ్మా. టీవీలో ఇన్న మాట."

ఎవరూ నమ్మలేదు. ఒక్క వాక్యంతో ఆమెను బయటపడేయగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నేను వెళ్ళి చదువుకుంటున్నట్టు కాలేజీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత అన్నయ్య ఆమె ఫోను రోజూ తీసి చూడడం మొదలుపెట్టాడు. ఊళ్ళో ఎవరైనా ఉన్నాడా అని అడిగేవాడు. తలుపు వేసుకుని అడిగినా మాకు వినబడేది. వదిన జవాబు ఎప్పుడూ ఒకటే. "ఎవలూ నేరు."

నెల గడిచాక నావల్ల కాలేదు. అమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. మెట్లు, నీళ్ళు, ఫోను, చింపిన కాగితం, అన్నీ. అమ్మ చేట ఆపి నా ముఖం చూసింది. కొడుతుందనుకున్నాను.

"ఎవలికీ సెప్పకు" అంది. "నీకు పెళ్ళి కావాల. ఆడపడుసు ఇలాటిదని తెలిస్తే ఎవలు సేసుకుంటారు?"

"మరి వదిన?"

"దానికేటి? ఆ మాట దాని నెత్తి మీద ఉంటే ఉండనీ. ఆ మాత్రం బరువుంటే ఒద్దికగా పడుంటాది."

మళ్ళీ బియ్యం ఏరసాగింది. వంటింట్లో వదినతో అంత నవ్వు నవ్విన మనిషే. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, తేలిక. అమ్మ మళ్ళీ నా పక్షానికి వచ్చింది కదా అనుకున్నాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ అదే నిజం.

ఆ మాట నిజంగానే వదిన నెత్తిమీద ఉండిపోయింది. పక్క క్వార్టరుకు పేరంటానికి బయల్దేరినా అమ్మ, "ఎక్కడికి, మళ్ళీ డోంగర్‌గఢేనా?" అనేది. వదిన ఏడాది తిరిగేసరికి హిందీ నేర్చుకుంది, నాకంటే శుభ్రంగా. నాతో మాత్రం అవసరమైతేనే మాట్లాడేది. వాళ్ళ నాన్న మళ్ళీ భిలాయి రాలేదు. కూతురు ఇక్కడ ఏ నరకంలో ఉండి పారిపోబోయిందో, అడిగితే ఏమవుతుందో అనే దిగులుతోనే ఉండేవాడట. నాకు పెళ్ళయి దగ్గర్లోని కుమ్హారికి వచ్చేశాను. అన్నయ్యకు ఇద్దరు పిల్లలు పుట్టారు. వదిన వాళ్ళ నాన్న పోయాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు అమ్మ పోయింది.

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు, భిలాయిలోనే మరోదాలో అన్నయ్య ఇంట్లో ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. పిల్లలు బడికెళ్ళారు. అమ్మ లేదు కాబట్టే నాకు ధైర్యం వచ్చింది. అన్నం కలుపుతూ కలుపుతూ మొత్తం చెప్పాను.

అన్నయ్య చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. వదిన వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"నాకు రాసిచ్చింది ఎవలో నాకు తెలీదా?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగనేదు" అంది వదిన. గొంతు పెంచలేదు. "ఎవడితో పారిపోబోయావని అడిగినారు. ఎన్నాళ్ళో అడిగినారు. ఆ మాట నీకు ఎవలు నేర్పినారని ఒక్కపాలి, ఒక్కపాలి కూడా అడగనేదు."

అన్నయ్య పళ్ళెంలో చెయ్యి కడుక్కుని లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. స్కూటర్ చప్పుడు వినబడింది. ఎటు వెళ్ళాడో తెలియదు.

"నన్ను క్షమించు వదినా" అన్నాను.

"నీ బరువు దింపుకున్నావు. బాగుంది. మా నాన్నకి ఎవలు సెప్తారు?"

అన్నం ముద్ద చేతిలోనే ఉంది.

"క్షమించను" అంది ఆమె. నేను ఇంకా వింటున్నానో లేదో చూసి, మళ్ళీ నిదానంగా అంది. "నేను క్షమించను పాపా. తిని ఎల్లు. పవర్ హౌస్‌లో నీ బస్సుకి ఇంకా టైముంది."

నేను తిన్నాను. ఆమె నిలబడి మారు వడ్డించింది. చారులో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగింది.