మూడు మూలల పులి

మా మునిమనవరాలి చేతిలోని పలక (పలక అనకూడదంట, ట్యాబ్ అనాలంట) అద్దం మీద ఒక త్రికోణం ఉంది. ఒక మూలను వేలితో పట్టి లాగితే త్రికోణమంతా సాగుతుంది. లోపలి మూడు గీతలూ దాని వెంటే పరుగెత్తి, ఎంత లాగినా మళ్లీ ఒకే చుక్క దగ్గర కలుసుకుంటాయి. పదిసార్లు లాగి చూశాను. ఇదేం మాయో, దేవుడా!

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మాది కడప జిల్లాలో ఒక నేతగాళ్ల వీధి. పులిసిన గంజి వాసన, మగ్గాల టకటకలు, ఎండాకాలం మధ్యాహ్నం కొర్రన్నం తిని చల్లటి నాపరాతి అరుగు మీద బోర్లా పడుకోవడం, ఆ బండ మీదే మా జేజి, అంటే నాయనమ్మ, సుద్దతో గీసిన పులి-మేక ఆట. కుంకుడుకాయలు పులులు, చింతగింజలు మేకలు. గీతలన్నీ పైన పులి కూర్చునే కొన నుంచే కిందికి దిగేవి. ఆ ఆటలో నన్ను ఓడించగలిగింది జేజి ఒక్కతే.

ఏడో తరగతి లెక్కల పరీక్ష తప్పితే బడి మాన్పించి, రాట్నం ముందు నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెడతానని నాయన ముందే చెప్పేశాడు. త్రికోణంలో ప్రతి మూల నుంచీ ఎదుటి గీత సగానికి గీత గీయమని ప్రశ్న. నేను మూడు గీతలూ పై కొన నుంచే దించాను. పులి ఉండేది అక్కడే కదా! బళ్లో ఐవారు నా కాగితం అందరికీ ఎత్తి చూపి, "ఏందే ఇది, గొడుగా?" అన్నారు. పిల్లలంతా పగలబడి నవ్వారు. తప్పెక్కడో నాకు అర్థం కాలేదు, ఏడుపు మాత్రం వచ్చింది.

జేజి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కొనంటే పైదే అని యాల అనుకుంటివే? పులి యాడ కూచుంటే అదే కొన. లేసి ఈ పక్కకు రా" అంది. బండ మీద సుద్దతో త్రికోణం గీసి, నూలుపోగుతో ఒక్కో గీతనూ కొలిచి, పోగును రెండుగా మడిచి సగం చూపించింది. బండ చుట్టూ మూడు పక్కలా కూర్చుని మూడు గీతలు గీశాను. మూడూ ఒకే చోట కలిశాయి! ఎందుకు కలిశాయే అంటే, "నాకేం తెల్సు తల్లీ, మీ ఐవారిని అడుగుపో" అంది.

అడిగేదెప్పుడు? పరీక్ష తప్పానని తెలిసి నాయన అప్పటికే రాట్నం బిగించాడు. "సదివింది సాల్లే, రా" అన్నాడు. జేజి ఎంత పోట్లాడినా వినలేదు. నాయన పోయి ఎన్నేళ్లయినా ఆ కోపం నాకింకా చావలేదు.

ఇప్పుడా వీధిలో మగ్గాలు లేవు. నాపబండలు పెరికి టైల్సు వేశారు. పులి-మేక అంటే ట్యాబ్ పట్టుకున్న ఈ పిల్లకు తెలియదు.

"ఎట్ల లాగినా ఒకే చోట ఎందుకు కలుస్తాయే?" అని అడిగాను.

"ఏమో అవ్వా. రేపు బడికి పోతా కదా, టీచర్ని అడిగి చెప్తాలే" అంది, తల కూడా ఎత్తకుండా.

రేపు బడికి పోతుందంట. ఎంత తేలిగ్గా అనేసింది!