కుళాయికి మంకీ క్యాప్

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి తెలియనిది ఉండదని లోకమంతా నమ్మేది. లోకం కంటే ముందు నేనే నమ్మేశాను. చాంగీ బిజినెస్ పార్కులో ఉద్యోగం, బుకిట్ బటోక్‌లో ఒక హైదరాబాదీ అంకుల్ గారింట్లో అద్దెగది. (విదేశమంటే చలి అనుకుని అమ్మ పెట్టెలో పెట్టిన మంకీ క్యాప్‌కి మాత్రం ఏడాదంతా ఉక్కపోసే ఆ దేశంలో పనిలేదు.) ఫ్లాటు కింద తోటలో ఒక రేకుల గది ఉండేది. దాని కప్పు మీద పడ్డ వాన గొట్టంలోంచి డ్రమ్ములోకి దిగేది. ఆ నీళ్లతోనే ఆంటీ గోంగూర పెంచేది. బక్రీదునాడు గోంగూర మాంసం లేకపోతే ఆవిడకి అది పండగే కాదు.

డ్రమ్ముతోపాటు ఇంగ్లండు నుంచి వచ్చిన పుస్తకం అంకుల్ నా చేతికిచ్చారు. "నువ్వే చూస్కో బేటా, మాకేం సమజ్ కాదు." నా ఆనందం చెప్పనలవి కాదు! మా ఆఫీసులో మొదటి పాఠం, చెక్‌లిస్టులో ఉన్నది చెయ్యి, టిక్కు పెట్టు, ఎందుకని అడక్కు. పుస్తకంలో స్పష్టంగా ఉంది: డిసెంబరు రాగానే, నీళ్లు గడ్డకట్టి డ్రమ్ము పగలకుండా, ఖాళీ చేసి బోర్లించాలి, గొట్టం ఊడదీయాలి, కుళాయికి ఉన్ని చుట్టాలి. అన్నీ చేశాను. ఉన్ని ఎక్కడిదంటారా? అమ్మ మంకీ క్యాప్!

"ఈడ మంచు యాడ పడ్తది బేటా?" అంది ఆంటీ.

"రిస్కు తక్కువే ఆంటీ, కానీ పడిందంటే ఇంపాక్టు చాలా ఎక్కువ."

"సాఫ్టువేర్ పిల్లగాడు, తెల్వకుండ చేస్తడా?" అని అంకుల్ ఆవిడ నోరు మూయించారు.

ఆపైన రెండు నెలలు వాన దంచికొట్టింది. నీళ్లన్నీ కాలువపాలు. ఫిబ్రవరిలో మాత్రం ఒక్క చుక్క లేదు. బక్రీదు పదిరోజుల్లో ఉందనగా గోంగూర తలలు వాల్చేసింది. ఆంటీ వాడిన ఆకుల్ని చేత్తో నిమిరింది, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటి నుంచి రోజూ ఆఫీసుకి ముందు తొమ్మిదో అంతస్తు నుంచి లిఫ్టులో బకెట్లు మోశాను. లిఫ్టులో కలిసే చైనీస్ అంకుల్ తొణికిన నీళ్లు చూసి "ఎవ్రీడే ఫ్లడ్ లా!" అంటూ చెప్పులు చేతపట్టుకునేవాడు.

గోంగూర బతికింది! పండగనాడు మొదటి గరిటె నా పళ్లెంలో వేసి, "తిను బేటా, చలికాలం అయిపోయింది" అంది ఆంటీ. ఆ సాయంత్రం ఫోనులో అమ్మ, "టోపీ వాడుతున్నావా?" అనడిగితే, "వాడుకలోనే ఉందమ్మా" అన్నాను. నిజంగానే అది ఇంకా కుళాయికే ఉంది.

ఇప్పుడు చెక్‌లిస్టులు నేనే రాస్తున్నాను. కుర్రాళ్లు ఒక్క ప్రశ్నయినా వేయకుండా టిక్కులు పెట్టేస్తుంటే, పక్కన నిలబడి "ఇక్కడ మంచు ఎక్కడ పడుతుంది బాబూ?" అని అడగాలనిపిస్తుంది. అడగను. వాళ్లూ కొన్నాళ్లు బకెట్లు మొయ్యాలి కదా, అలాంటి గోంగూర తినాలంటే.